పెరడు ఎవరి పేర ఉంది?

తోటల మీద వచ్చే పుస్తకాలు మట్టి గురించి చెప్తాయి, నీడ గురించి చెప్తాయి, ఏ రంగు పక్కన ఏ రంగు నప్పుతుందో చెప్తాయి. ఆ మట్టి ఎవరి పేర రిజిస్టరై ఉందో మాత్రం చెప్పవు. ఇంటి తోటని అభిరుచికి సంబంధించిన విషయంగా, తీరిక ఉన్నవాళ్ల ముచ్చటగా చూడటం మనకి అలవాటైపోయింది. స్త్రీలు తమ తోటల గురించి రాసిన మూడు ప్రసిద్ధ రచనల్ని పక్కపక్కన పెట్టుకుని చదివితే, అభిరుచి కన్నా ముందు అడగవలసింది నేల సంగతేనని నాకు అనిపించింది. ఆ మూడూ ఇవి: వీటా శాక్‌విల్-వెస్ట్ 'అబ్జర్వర్' పత్రికలో దాదాపు పదిహేనేళ్లపాటు రాసిన తోట వ్యాసాలు, ఆలిస్ వాకర్ 1974లో రాసిన 'ఇన్ సెర్చ్ ఆఫ్ అవర్ మదర్స్ గార్డెన్స్' అనే వ్యాసం, జమైకా కిన్‌కెయిడ్ 1999 నాటి పుస్తకం 'మై గార్డెన్'.

వీటా మనకి ఎక్కువగా వర్జీనియా వుల్ఫ్ స్నేహితురాలిగా, 'ఓర్లాండో' నవలకి ప్రేరణగా తెలుసు. ఆ నవల వచ్చిన 1928లోనే ఆమె తండ్రి చనిపోయాడు. ఆమె పుట్టి పెరిగిన నోల్ అనే మహాభవనం, ఆమె ఏకైక సంతానమైనా, ఆడపిల్ల కాబట్టి ఆమెకి రాలేదు. బాబాయికి పోయింది. రెండేళ్ల తర్వాత, 1930లో, కెంట్ ప్రాంతంలో సిసింగ్‌హర్స్ట్ అనే శిథిలమైన కోటని కొన్నది. భర్త హెరాల్డ్ నికల్సన్ గీతలు గీస్తే వీటా మొక్కలతో వాటిని నింపింది. గోడలతో, కంచెలతో తోటని గదులు గదులుగా విభజించారు. ఆ ఇల్లు కూడా ఒకే కప్పు కింద ఉండేది కాదు. పడుకోవటం ఒక చిన్న ఇంట్లో, భోజనం ఇంకో ఇంట్లో, వీటా రాసుకునేది బురుజులో. వానొచ్చినా మంచు కురిసినా ఒకచోటి నుంచి ఒకచోటికి తోటలోంచి నడిచి పోవలసిందే. 'అవుట్‌డోర్ లివింగ్' అని ఇవాళ బిల్డర్ల బ్రోచర్లు ఊరించేదాన్ని ఆమె నిజంగానే బతికింది.

నోల్ పోగొట్టుకున్న స్త్రీ తన చేతులతో ఇంకో నోల్ కట్టుకుందనే వ్యాఖ్యానం కొత్తదేమీ కాదు. అది నిజమే గానీ సగమే నిజం. దక్కని ఇంటికి బదులుగా ఇంకో కోట కొనుక్కోగల డబ్బు ఎంతమందికి ఉంటుంది? వుల్ఫ్ సొంత గదితోపాటు ఏటా వచ్చే ఆదాయాన్ని కూడా అడిగింది. తోటకి ఆ లెక్క ఇంకా పెద్దది. నేల కావాలి, నీళ్లు కావాలి, తవ్వేవాళ్లు కావాలి. 1959లో అక్కడ హెడ్ గార్డెనర్లుగా చేరిన పమేలా ష్వెర్ట్, సిబిల్ క్రూట్జ్‌బెర్గర్ అనే ఇద్దరు స్త్రీలు 1990 దాకా ఆ తోటని నిలబెట్టారు. వైట్ గార్డెన్ అనగానే మనకి గుర్తొచ్చే పేరు మాత్రం వీటాదే. కొడుకు ఆ ఆస్తిని నేషనల్ ట్రస్ట్‌కి ఇద్దామని కదిపినప్పుడు ఆమె భగ్గుమంది. 1962లో ఆమె చనిపోయాక, 1967లో అది ట్రస్ట్ చేతికే వెళ్లింది. ఒకసారి ఇల్లు పోగొట్టుకున్న మనిషికి ఆ కోపం రావటంలో నాకు ఆశ్చర్యం ఏమీ కనిపించదు.

వాకర్ వ్యాసంలో ఆస్తి ఊసే ఉండదు, ఉండటానికి లేదు కాబట్టి. ఆమె తల్లి మినీ లూ జార్జియాలో కౌలుకి సాగుచేసుకునే కుటుంబపు స్త్రీ. ఉండమన్న కొంపలో ఉండటం, పొమ్మంటే పోవటం. అలా మారిన ప్రతి కొంప ముందూ ఆమె పూలు పెంచింది. పొలానికి పోయే ముందు నీళ్లు పోసేది, తిరిగొచ్చాక చీకటి పడేదాకా మొక్కల మధ్యే ఉండేది. యాభైకి పైగా రకాలు, మార్చి మొదలు నవంబరు చివరిదాకా పూలు. తన బానిస పూర్వికురాళ్లు సృజనని ఎక్కడ దాచుకున్నారని వెతుకుతూ వెళ్లి వాకర్ ఈ తోట దగ్గర ఆగుతుంది. అక్షరాల్లో దొరకని కళాకారిణి ఆమెకి మట్టిలో దొరికింది.

ఈ వ్యాసాన్ని మనవాళ్లు చాలామంది తల్లి ప్రేమకి నివాళిగా చదివేసి కళ్లు తుడుచుకుంటారు. నాకది న్యాయంగా తోచదు. ఆ తోటలన్నీ ఆమె వదిలి వెళ్లినవి. పాతిన దుంపలూ వేసిన పాదులూ ఇంకొకరి నేలలో ఉండిపోయాయి. లేమిలో కూడా అందం సృష్టించిందని మెచ్చుకునేటప్పుడు, ఆ లేమి ఎవరు పెట్టిందో మరిచిపోయే ప్రమాదం ఉంది. వాకర్ మరిచిపోలేదు. చదివే మనమే మరిచిపోతున్నాం.

కిన్‌కెయిడ్ ఇంకో అడుగు ముందుకేసి ఆ మొక్కలు ఎక్కడివి అని అడుగుతుంది. ఆంటిగ్వాలో పుట్టి అమెరికాలో వెర్మాంట్‌లో స్థిరపడిన ఈ రచయిత్రికి, మొదటి బిడ్డ పుట్టాక మదర్స్ డే కానుకగా భర్త పార, గొర్రు, పూల విత్తనాలు ఇచ్చాడట. (అమ్మ అయినందుకు చేతికి పనిముట్లు!) ఆమె వేసిన మళ్లు ఓ తీరూ తెన్నూ లేకుండా ఉన్నాయని చూసినవాళ్లు అనుకున్నారు. కరేబియన్ దీవుల మ్యాపుని గీస్తున్నానని ఆమెకే తర్వాత తెలిసొచ్చింది. లండన్ క్యూ గార్డెన్స్‌లో హాలీహాక్ అనుకుని మురిసిపోయిన పువ్వు దగ్గర పేరు చదివితే అది పత్తి! ఆమె పూర్వికుల్ని బానిసలుగా మార్చిన పంటల్లో ఒకటి. అందం చూస్తున్న కన్ను ఒక్కసారిగా చరిత్ర చూస్తుంది. మెక్సికో నేలలో వేరే పేరుతో పూసే పువ్వు స్వీడన్ శాస్త్రవేత్త డాల్ పేరుమీద డాలియా ఎలా అయిందో కూడా ఆమె ఇలాగే నిలదీస్తుంది. మూడు రచనల్లో నాకు ఎక్కువ పని కల్పించింది ఇదే.

ఆ పత్తి పువ్వు మనకి పరాయిది కాదు. బెండ, గోంగూర, మందారం దాని చుట్టాలే. పత్తి చేలో ఉంటే తక్కినవి పెరట్లో ఉంటాయి.

తెలుగులో తోట వేరు, పెరడు వేరు. మన కావ్యాల్లో తోట నాయిక విహరించే చోటు, పాదు తవ్వే చోటు కాదు. శకుంతల కాస్త నయం, మొక్కలకి నీళ్లు మోసింది. ఆ మోయటాన్ని కూడా చెట్టుచాటున నిలబడి ఒక రాజు చూస్తుంటాడు. పెరట్లో మాత్రం చాకిరీయే. అంట్లు తోమే గట్టు, ఆ నీళ్లు పారే చోట అరటి, చేతికందే దూరంలో కరివేపాకు, నీడ కోసం చిక్కుడు పందిరి, పిల్లలు తొక్కని మూల మల్లె. ఇందులో ఏదీ యాదృచ్ఛికం కాదు. నీటి వాలు, ఎండ, వంటింటి నుంచి నడక, అన్నీ లెక్కేసి చేసిన అమరిక అది. దీన్ని ఎవరూ డిజైన్ అనలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నారు, పెంచిన చెయ్యి కూడా పనికిరాకుండా పోయింది.

అలాగని పెరడుని అమ్మమ్మల స్వర్గంగా చేసి ముచ్చటపడటానికీ లేదు. పెరటి గుమ్మంలోంచే వచ్చి అంట్లు తోమి పోయే మనిషికి అది కూలి చేసే చోటు. పెరడు ఉండటమే ఒక కులం, ఒక తరగతి. మినీ లూకి మన అమ్మమ్మల కన్నా, ఉన్న బెత్తెడు చోటులో ఆనప గింజ పాతి గుడిసె మీదికి తీగ పాకించుకున్న దళిత స్త్రీ దగ్గరి బంధువు.

ఇక పెరడు ఉన్న ఇళ్లలోనైనా అది స్త్రీలదా? 1956 హిందూ వారసత్వ చట్టంలో 23వ సెక్షన్ అని ఒకటి ఉండేది. కుటుంబం నివసిస్తున్న ఇంట్లో కూతురికి వాటా ఉన్నా, మగ వారసులు పంచుకుందామనేదాకా ఆమె పంపకం అడగటానికి లేదు. ఆ ఇంట్లో ఉండే హక్కు కూడా పెళ్లికానివాళ్లకి, భర్త వదిలేసినవాళ్లకి, భర్త నుంచి విడిపోయినవాళ్లకి, వితంతువులకి మాత్రమే. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సవరణ ఉమ్మడి ఆస్తిలో అవివాహితలైన కూతుళ్లకి సమాన భాగం ఇచ్చింది గానీ ఈ సెక్షన్ అలాగే ఉండిపోయింది. పోయింది 2005లో. నోల్ కథ ఇంగ్లండు ప్రభువుల వింత ఆచారంగా చదువుకున్న మనకి ఇది గుర్తుండాలి.

ఇప్పుడు హైదరాబాదు చుట్టూ విల్లాల్లో పెరడు లేదు, లాన్ ఉంది, సిట్-అవుట్ ఉంది. బొమ్మలో నలుగురు కూర్చుని టీ తాగుతుంటారు. ఆ టీ పెట్టిన మనిషి, ఎండలో గొంతుక్కూర్చుని ఆ గడ్డిలో కలుపు ఏరే ఆడకూలీలు బొమ్మలో ఉండరు. పత్తి చేలో కలుపు తీసే చేతులూ ఇవే. అపార్ట్‌మెంట్‌లో అయితే బాల్కనీ, అందులో నాలుగు కుండీలు, వాషింగ్ మెషీన్. సొంత గది గురించి ఇంతగా రాసుకున్న మనం ఈ మార్పుని పట్టించుకోవలసినంతగా పట్టించుకోలేదు. పెరడు మీద జ్ఞాపకాలు బోలెడు వచ్చాయి, మల్లెల వాసనా గోరింటాకు చెట్టూ అన్నింట్లో ఉంటాయి. ఆ పెరడు అమ్మిన రోజున కాగితం మీద ఎవరు సంతకం పెట్టారో, అరటి పాదు వేసిన మనిషిని ఎవరైనా అడిగారో లేదో రాసే కథ కోసం నేను ఎదురుచూస్తున్నాను.