పాత మిషన్ కూడా నిజం చెప్పాలి

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి బజార్లలో కొన్ని డీటీపీ సెంటర్లు ఇంకా విండోస్ ఎక్స్‌పీ మీదే నడుస్తున్నాయి. 2001లో వచ్చిన 7.0తోనే ఆగిపోయిన పేజ్‌మేకర్, దానికి తోడు అను ఫాంట్లు. ఊరి శుభలేఖలు, రశీదు పుస్తకాలు, లెటర్‌ప్యాడ్లు ఏళ్లుగా వాటిలోనే ఉన్నాయి. 2016 అక్టోబర్ 11న వరంగల్ నుంచి ఈ మూడూ వేరు జిల్లాలైనప్పుడు జిల్లా పేరు మార్చడానికి పాత ఫైళ్లే అక్కరకొచ్చాయి.

అలాంటి ఫైళ్లను రోజూ మరో డిస్కులోకి ఎక్కించే బ్యాచ్ ఫైల్ రాయడం నాకెంతో ఇష్టమైన పని. ఒకే షాపులో 98, ఎక్స్‌పీ, విండోస్ 10 ఉన్నా అది నడవాలి. అందుకే మొదట ఓఎస్ అనే వేరియబుల్‌ను చూస్తాను. ఎక్స్‌పీ నుంచి విండోస్ 11 దాకా అందులో 'విండోస్ ఎన్‌టీ' అనే ఉంటుంది. 98లో ఆ వేరియబులే ఉండదు. ఖాళీని పోలిస్తే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది కాబట్టి రెండు వైపులా కొటేషన్ గుర్తులు తప్పనిసరి.

వాడేవారిని అవునా, కాదా అని అడిగే చాయిస్ కమాండ్ 98లో ఉంది, ఎక్స్‌పీలో లేదు, విస్టాలో మళ్లీ వచ్చింది. కాసేపు ఆగమని చెప్పే టైమవుట్ కూడా ఎక్స్‌పీలో లేదు. ఐదు సెకన్లు ఆగాలంటే కంప్యూటర్ చేత తనను తానే ఆరుసార్లు పింగ్ చేయించాలి. ఫైళ్లు కాపీ చేసే రోబోకాపీ విస్టాతో గానీ విండోస్‌లో చేరలేదు. డాస్ కాలం నుంచీ ఉన్న ఎక్స్‌కాపీనే నేను నమ్ముతాను.

అసలు జాగ్రత్త ఎర్రర్‌లెవెల్ దగ్గర, అంటే పని ఎలా ముగిసిందో కమాండ్ తెలిపే అంకె దగ్గర. 'ఇఫ్ ఎర్రర్‌లెవెల్ 1' అంటే ఒకటి, లేదా అంతకన్నా ఎక్కువ. ఎక్స్‌కాపీకి ఫైళ్లు దొరక్కపోతే 1, డిస్కులో చోటు లేకపోతే 4, డిస్కు మీద రాయలేకపోతే 5 వస్తుంది. పెద్ద అంకె నుంచి కిందికి అడుగుతూ రావాలి. తలకిందులుగా రాస్తే డిస్కు పాడైనా 'ఫైళ్లు లేవు' అనే చెబుతుంది. షాపాయన దాన్ని నమ్మి షట్టర్ దించి వెళ్లిపోతాడు.

కాపీ చేయడం సగం పనే. కాపీ కాలేదని ఆయనకు అర్థమయ్యేలా చెప్పడం మిగతా సగం. ఆ నల్లటి విండోలో తెలుగు సరిగా కుదరదు కనుక తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో పెడతాను.

బ్యాచ్ ఫైళ్లు రాసే పిల్లలకు నేను చెప్పేది ఇదే: ముందు షాపులోని అన్నిటికన్నా పాత మిషన్ మీద నడపండి. కావాలనే డిస్కు నింపి, మీ ఫైల్ ఏం చెబుతుందో చూడండి. అప్పుడు కూడా నిజమే చెబితేనే షాపాయన చేతికివ్వండి.