గన్నవరం పొయ్యి, అయిదు రూపాయల టోకెను

డయాలసిస్ ఒక్కో విడతకు నాలుగు గంటలు పడుతుంది. మామూలుగా వారానికి రెండు మూడు విడతలు. కిడ్నీ జబ్బుతో నలుగుతున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, మందస నుంచో వజ్రపుకొత్తూరు నుంచో తెల్లారకుండా బయల్దేరిన మనిషి మంచం దిగేసరికి ఒంట్లో సత్తువ ఉండదు. తోడొచ్చినవాళ్లు ఆకలితో నకనకలాడుతుంటారు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైంది. అక్కడికి వచ్చేవాళ్లకు పుణ్యానికో చవకగానో అన్నం పెట్టాలనుకునే హోటలు ఏ దారిన నడవాలి?

తెలుగునాట రెండు దారులు ప్రసిద్ధం. ఒకటి కోనసీమలో లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారి ఇల్లు, రెండోది సర్కారు నడిపే అన్న క్యాంటీన్. 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి సీతమ్మగారి పేరు పెట్టాక సర్కారు వంటకూ ఆవిడ వంటకూ చుట్టరికం కలిపేయడం మరీ సులువైంది. నాకు మాత్రం ఈ రెంటి మధ్య పోలిక కన్నా తేడాయే ఎక్కువ కనిపిస్తుంది.

సీతమ్మగారు (1841–1909) గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకు వేళాపాళా చూడకుండా వండి పెట్టారు. ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక సంబరాలకు పిలుపొస్తే, ఇక్కడ అన్నదానం ఆగిపోతుందని వెళ్లలేదని చెబుతారు. జనం ఆ కథే పదేపదే చెప్పుకుంటారు. నన్నడిగితే, అపరాత్రి వచ్చినవాడి కోసం మళ్లీ పొయ్యి రాజేయడం అంతకన్నా పెద్ద సంగతి. మనిషి ముఖం చూశాకే ఎసరు పెట్టే వంట అది. అయితే ఆ భారమంతా ఒక్క ఇల్లాలి రెక్కల మీద, ఆ ఇంటి పొలం మీద పడింది. తిన్నవాడు చేతులు జోడించి వెళ్లాల్సిందే, వేరే దారి లేదు.

క్యాంటీన్ ఆ చేతులు జోడించే పని తప్పించింది. తమిళనాడులో 2013లో మొదలైన అమ్మ ఉణవగం (సర్కారు చవక భోజనశాల) తర్వాత మన దగ్గర 2018 జూలైలో ఇది వచ్చింది. టిఫినైనా భోజనమైనా పూటకు అయిదు రూపాయలు. జీడి నూనెతో వేళ్లు నల్లబడ్డ పలాస కూలీ అయినా సరే, టోకెను కొనుక్కుని ఎవరికీ రుణపడకుండా తిని వెళ్లొచ్చు. అసలు ఖర్చులో ఆ అయిదు ఏ మూలకూ రాదు. అయినా దాని విలువ నాకు చాలా పెద్దది. కానీ 2019లో ప్రభుత్వం మారగానే క్యాంటీన్లకు తాళం పడింది. మళ్లీ 2024 ఆగస్టు 15న గుడివాడలో తెరిచారు. గన్నవరం పొయ్యి ఒక మనిషి ఆయుష్షును నమ్ముకుంటే, ఇది ఓట్ల లెక్కను నమ్ముకుంది.

ఉద్దానానికి వచ్చేసరికి ఇంకో చిక్కుంది. అన్నం, కూర, పప్పో సాంబారో, పచ్చడి, పెరుగు: పెద్ద వంటశాలలో అందరికీ ఒకటే వంట. కూలీకి బాగానే ఉంటుంది. డయాలసిస్ రోగికి పచ్చడిలో ఉప్పు పనికిరాదు, సాంబారు నీళ్లూ లెక్కే. ఈ గడ్డ మర్యాదలే అతనికి చేటు. బొండం కొట్టిస్తే అందులో పొటాషియం, గుప్పెడు జీడిపప్పు పెడితే ఫాస్ఫరస్. పైగా డయాలసిస్ దాకా రాని రోగికి మాంసకృత్తులు తగ్గించమంటారు, డయాలసిస్‌లో ఉన్నవాడికి పెంచమంటారు. ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చున్న ఇద్దరికి రెండు రకాల కంచాలు కావాలి. "నువ్వేం తినొచ్చు నాయనా?" అని అడిగే నోరు లేకపోతే ఎంత దానమైనా ఇక్కడ సగమే.

అందుకే ధర దగ్గర క్యాంటీన్‌కూ, వడ్డన దగ్గర గన్నవరానికీ నా ఓటు. ముక్కలు ఉడికించి నీళ్లు వంపేసిన కూర ఒక గిన్నె, ఉడికించిన గుడ్ల తెల్లసొన, ఉప్పు తగ్గించిన చారు కొంచెం. పలాసలో, టెక్కలిలో ఏ హోటలుకైనా ఇది తలకు మించిన పని కాదు. ఎవరికి ఏది ఎంత పెట్టాలో ఆసుపత్రివాళ్లను అడిగి రాసుకోవాలి. తోడొచ్చినవాళ్ల దగ్గర మామూలు ధరే తీసుకోవచ్చు, వాళ్లేమీ అనుకోరు.

టోకెను మాత్రం అందరికీ ఒకే రంగులో ఉండాలి. కిడ్నీ జబ్బు ఊరని తెలిస్తే పిల్లనివ్వడానికి వెనకాడుతున్న రోజులివి. అలాంటి ఊరి కుర్రాడి చేతిలో వేరే రంగు చీటీ పెట్టి నలుగురిలో నిలబెట్టకూడదు.