హాలు బయట అడిగిన ప్రశ్న

2015 ఆగస్టులో న్యూ హాంప్‌షైర్‌లోని కీన్ అనే చిన్న ఊళ్ళో తీసిన వీడియో ఒకటుంది. హిల్లరీ క్లింటన్ ఎన్నికల ప్రచారంలో భాగంగా అక్కడికి వచ్చారు. బ్లాక్ లైవ్స్ మేటర్ కార్యకర్తలు కొందరికి అసలు హాల్లో చోటు దొరకలేదు. సభ అయ్యాక ఆమె వాళ్ళని విడిగా కలిశారు. ఆ సంభాషణని నేనొక నాటికలా మళ్ళీ మళ్ళీ చూశాను.

ఇంతమంది నల్లవాళ్ళని జైళ్ళపాలు చేసిన విధానాల్లో మీ పాత్ర కూడా ఉంది, ఇప్పుడు మీ మనసులో ఏం మారింది అని ఒక యువకుడు అడిగాడు. మనసులు మార్చడం మీద తనకి నమ్మకం లేదనీ, మార్చాల్సింది చట్టాలనీ ఆమె జవాబు.

మొదటిసారి చూసినప్పుడు నాకు ఆమె మాటే నచ్చింది. దక్షిణాది తెల్లవాళ్ళ మనసులు మారేదాకా ఆగివుంటే 1964 పౌరహక్కుల చట్టం వచ్చేదా? పైగా తీపి మాటలతో సరిపెట్టకుండా ఆమె ఎదురు వాదించారు. ప్రచారంలో అది అరుదు.

కానీ ఇక్కడ గాయం చేసిందే చట్టం. 1994 నేర నియంత్రణ చట్టం మీద సంతకం పెట్టింది బిల్ క్లింటన్, దాన్ని సమర్థించినవాళ్ళలో ఈమె ఒకరు. 1996లో ఇదే కీన్‌లో, గ్యాంగుల్లో తిరిగే పిల్లలని ‘సూపర్ ప్రెడేటర్లు’ అన్నారు. కుక్కలకి వాడే మాటతో వాళ్ళని దారికి తేవాలన్నారు. అంచేత ఆ యువకుడు అడిగింది కన్నీళ్ళు కాదు, లెక్క. ‘మనసు’ అన్న పదం వాడి అతను ఆమెకి తప్పించుకునే దారి ఇచ్చాడు. ప్రశ్నలో లోపం అదే.

మేమేం చెయ్యాలో మీరు చెప్పొద్దని అతను అన్నప్పుడు, అయితే తెల్లవాళ్ళతోనే మాట్లాడతానన్నారామె. నాటిక అక్కడ విరిగింది. ఎదుటివాడు అర్జీ పట్టుకుని నిలబడినంతసేపే అభ్యర్థికి వినే ఓపిక.

ఎందుకిలా? పాల్ ఫ్రైమర్ 1999లో రాసిన ‘అనీజీ అలయన్సెస్’ దీనికో కారణం చెప్తుంది. ఒక సమూహం ఓట్లన్నీ ఒకే పార్టీకి పడుతుంటే, ఆ పార్టీకి వాళ్ళని కొత్తగా గెలుచుకోవాల్సిన పని ఉండదు. అవతలి పార్టీ ప్రయత్నించదు. కాబట్టి ఆ సమూహం గట్టిగా అడగ్గలిగేది ప్రైమరీలప్పుడే అని నాకనిపిస్తుంది.

2016 ఫిబ్రవరిలో, సౌత్ కరోలైనా ప్రైమరీకి మూడు రోజుల ముందు, చార్ల్‌స్టన్‌లో ఒక విరాళాల సభలో నల్లజాతి యువతి ఒకామె 1996 నాటి ఆ మాటలే రాసిన గుడ్డ విప్పి పట్టుకుంది. ఆమెని బయటికి పంపేశారు. మర్నాడు క్లింటన్, ఆ పదాలు వాడకుండా ఉండాల్సిందని ఒప్పుకున్నారు.

ప్రైమరీలో నల్లజాతి ఓటర్లు అత్యధికంగా ఆమెకే వేశారు. వాళ్ళు మోసపోయారనుకోను. ఉన్నవాళ్ళలో ఎవరు మేలో వాళ్ళు బేరీజు వేసుకున్నారు. కానీ ఓట్లు మాత్రమే లెక్కపెడితే ఆ గుడ్డ చరిత్రలో కనపడదు. కీన్‌లో అడిగిన ప్రశ్నకి చార్ల్‌స్టన్ తర్వాత సగం జవాబొచ్చింది. అదీ, అడిగిన మనిషిని గదిలోంచి పంపేశాకే.