నైట్ డ్యూటీ దేవతలు

మా వీధి మలుపులోని కాంపౌండ్ వాల్‌కి సోమవారం మళ్లీ టైల్స్ అతికించారు. వేంకటేశ్వరస్వామి, పక్కన శిలువ, ఆ పక్కన మక్కా. 'ఇచ్చట మూత్రము పోయరాదు' అన్న రాతను పదేళ్లుగా ఎవడూ ఖాతరు చెయ్యలేదు. అందుకని ముగ్గురినీ కాపలాకి దింపారన్నమాట. దేవుణ్ణి వాచ్‌మన్‌ని చెయ్యడం మీద నా గొడవ మీకు కొత్త కాదు. ఈ వారం కూడా అదే రాద్దామని కూర్చున్నాను.

ఇంతలో మేనల్లుడు ఇటలీలోని నేపుల్స్ నుంచి ఫోటో పంపాడు. (ఆ ఊరెళ్లి పిజ్జా ఫోటో పంపనివాడు వీడొక్కడే అయ్యుంటాడు.) పాత ఊళ్లో జిరొలమీని చౌకు దగ్గర గోడ మీద వీధి చిత్రకారుడు బ్యాంక్సీ స్టెన్సిల్‌తో వేసిన మేరీమాత. తల మీద వెలుగు వలయం ఉండాల్సిన చోట పిస్తోలు! భలే అనిపించింది. కమోరా ముఠాల కాల్పులూ, అమ్మ మీద భక్తీ ఆ ఊళ్లో ఏళ్ల తరబడి ఒకే కాపురం చేస్తున్నాయి మరి. గోడ మీద దేవతను పెడితే ఇలా పెట్టాలి, మనవాళ్లున్నారు ఎందుకూ అనుకున్నాను.

ఫోటోని పెద్దది చేసి చూస్తే పక్కనే అసలు మేరీమాత గూడు కనిపించింది. నేపుల్స్ సందుల్లో ఇలాంటి గూళ్లు కొల్లలు. పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడ వీధి దీపాలు పెడితే దొంగలు పగలగొట్టేవారట. ఫాదర్ రొక్కో అనే డొమినికన్ సన్యాసి ఉపాయం కనిపెట్టాడు: మలుపు మలుపుకీ గూడు కట్టండి, అమ్మ ముందు దీపం పెట్టండి. చమురు భక్తులది, వెలుగు ఊరందరిది. ఆ దీపం జోలికి దొంగ కూడా పోలేదు.

అంటే ఆ తల్లి ఎప్పట్నుంచో నైట్ డ్యూటీలోనే ఉంది! మరి బ్యాంక్సీ తలకిందులు చేసిందేమిటి? పైగా ఆ ఊళ్లోనే అతను వేసిన ఇంకో బొమ్మ మీద, చేతిలో బర్గర్‌తో పరవశించిపోయే సాధ్వి మీద, 2010లో ఎవరో రంగు పూసేశారు. పిస్తోలు మాతకు ఇప్పుడు అద్దం బిగించి ఉంది. కాపలా కాసేవాళ్లకే కాపలా. మా గోడ మీది చవక టైల్‌కి ఇంకా ఆ గతి పట్టలేదు.

నిన్న పొద్దున పాలకి వెళ్తుంటే గోడ ఆరి ఉంది. స్వామి టైల్ కింద పగుల్లో ఎవరో అగరొత్తి గుచ్చారు. ఎప్పుడూ ముక్కు మూసుకుని దాటే ఆ మలుపులో, తెలీకుండానే ఒక చెప్పు విడిచాను. రెండోది విడిచేలోపే వెనకనుంచి ఆటోవాడు హారన్ కొట్టాడు.