ఎండకు పోయే రబ్బరు: మండికల్ దారిలో రెండు రకాల వైపర్లు

కారు సామాన్ల అంగడిలో వైపర్ బ్లేడు అడిగితే ఇప్పుడు రెండు రకాలు ముందు పెడతారు. ఒకటి పాతది: ఇనుప చట్రం, దాని కింద రివెట్లతో కదిలే చిన్న చిన్న చేతులు, ఆ చేతుల కొసలు పట్టుకున్న రబ్బరు పట్టీ. రెండోది ఫ్లాట్ బ్లేడు. దానికి చట్రం ఉండదు, కీళ్లుండవు. రబ్బరు వెన్నులో వంపు తిరిగిన ఉక్కు స్ప్రింగు పట్టీ, పైన గాలిని పక్కకు తోసే రెక్క, అంతే. ధర ఎక్కువ, చూపుకు బాగుంటుంది, కాబట్టి రెండోదే మంచిదని చాలామంది తీర్మానించుకున్నారు. బెంగళూరులో తిరిగే కారుకు ఆ తీర్మానం నిజమే కావచ్చు. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి పల్లెల్లో తిరిగే బండికి, అందులోనూ మండికల్ చుట్టుపక్కల బండికి, అది సగమే నిజం.

ఇక్కడ వైపర్‌ను పాడుచేసేది వాన కాదు, వాన లేని నెలలు. ఏడాది పొడుగునా పారే ఏరు ఒక్కటీ లేని సీమ ఇది. గట్టి వానలు ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. మిగతా రోజుల్లో చాలావరకు రబ్బరు అంచు కాలే అద్దానికి ఒకే పక్కకు ఒరిగి ఆనుకుని ఉంటుంది. వైపర్ ఇటు నుంచి అటు తిరిగిన ప్రతిసారీ ఆ సన్నని అంచు కూడా ఇటు నుంచి అటు వాలాలి. ఎండలో నెలల తరబడి ఒకే పక్కకు పడి ఉన్న రబ్బరు ఆ వాలే గుణం పోగొట్టుకుంటుంది. ఎండ, గాలిలోని ఓజోను కలిసి దాన్ని గట్టిపరుస్తాయి, సన్నగా పగులగొడతాయి. అందుకే తొలి వానకు వైపర్ వేయగానే టకటకమని ఎగురుతుంది. అమెరికాలో మేరీ ఆండర్సన్ 1903లో తన వైపర్‌కు పేటెంటు తీసుకున్నది న్యూయార్క్ ట్రాముల అద్దం మీద పడే మంచును తుడవడానికి. మనం దానికి అప్పజెప్పింది దుమ్ము పని.

ఆ దుమ్ము మామూలు దుమ్ము కాదు. జాతీయ రహదారి 44 మీద పేరేసంద్ర దగ్గర దిగి లోపలికి వస్తే రాతి క్వారీలు, జల్లి క్రషర్లు ఉన్న నేల. గ్రానైటులో ఉండే క్వార్ట్జ్ కాఠిన్యం 7, కారు అద్దానిది 5.5 దగ్గర. అంటే ఆ ధూళి అద్దాన్ని గీయగలదు. పొడి అద్దం మీద వైపర్ వేయడమంటే ఉప్పుకాగితంతో రుద్దినట్టే. అద్దం మీద విల్లులా వంగిన సన్నని గీతలు పడి, రాత్రి ఎదురు లారీ లైటు పడినప్పుడు అద్దమంతా చెదిరిన వెలుతురు కమ్ముకుంటే అది బ్లేడు తప్పు కాదు. నీళ్లు చల్లకుండా వైపర్ వేసిన చేతి తప్పు.

ఇక రెండు బ్లేడ్లనూ పక్కపక్కన పెట్టి చూద్దాం. దుమ్ము విషయంలో ఫ్లాట్‌దే గెలుపు. చట్రం బ్లేడు కీళ్లలో ధూళి చేరుతుంది, మన బోరు నీళ్లతో కడిగితే అందులోని సున్నపు ఉప్పు ఆ ధూళిని గారలా పట్టిస్తుంది. ఒక్క కీలు బిగుసుకున్నా దాని కింది రబ్బరు అద్దాన్ని సరిగ్గా ఒత్తదు. సరిగ్గా కళ్ల ముందు బెత్తెడు వెడల్పున నీళ్లు అట్లాగే నిలుస్తాయి. ఫ్లాట్‌లో బిగుసుకోవడానికి కీళ్లే లేవు. గాలి విషయంలోనూ దానిదే పైచేయి. హైవే మీద నూరు కిలోమీటర్ల వేగంలో చట్రం కిందికి గాలి దూరి బ్లేడును లేపుతుంది, ఫ్లాట్ రెక్క దాన్ని కిందికి అణచిపెడుతుంది. కానీ మండికల్ నుంచి లోపలి పల్లెలకు పోయే దారుల్లో ఆ వేగం ఎక్కడిది?

అద్దం వంపు దగ్గరికి వస్తే లెక్క మారుతుంది. ఫ్లాట్ బ్లేడులోని ఉక్కు పట్టీకి ముందే ఒక వంపు పెట్టి ఉంటుంది. ఆ వంపు మీ కారు అద్దానికి చాలకపోతే కొసలు పైకి లేస్తాయి, ఎక్కువైతే కొసలు ఒత్తి నడుమ తేలుతుంది. అన్ని కార్లకూ సరిపోతుందని అమ్మే ఫ్లాట్‌తో వచ్చే చిక్కు ఇదే. చట్రం బ్లేడు కీళ్లు మాత్రం అద్దం ఎట్లా ఉంటే అట్లా సర్దుకుంటాయి. బొలెరో, ఓమ్ని లాంటి బండ్ల అద్దం దాదాపు చదునే. వాటికి ఫ్లాట్ పెట్టడం డబ్బు దండగ.

పాతదాని అసలు బలం ఇంకొకటుంది. దాని రబ్బరు పట్టీ ఒక్కటే మార్చుకోవచ్చు. చింతామణి మార్కెట్‌కు టమాటా తోలే పికప్ డ్రైవర్లకు ఇది బాగా తెలుసు. "చట్రం గట్టిగానే ఉందన్నా, రబ్బరు మాత్రం వేసుకో సాలు" అని మెకానిక్ చెప్తాడు. పాత పట్టీని కొస దగ్గర నొక్కి లాగి, దాని పక్కలనున్న రెండు సన్నని ఉక్కు రేకులను కొత్త పట్టీకి అటూ ఇటూ వంపు చూసి ఎక్కించి, చట్రం చేతుల కొసలనున్న గోళ్లలోంచి దూర్చితే పని అయిపోతుంది. చాలా ఫ్లాట్ బ్లేడ్లకు పట్టీ విడిగా దొరకదు, మొత్తం పారేయాల్సిందే. ఒక జత ఫ్లాట్‌కు పెట్టే డబ్బుతో నాలుగైదు సార్లు పట్టీలు మార్చుకోవచ్చు. ఎండ ఏ రబ్బరునూ వదలదు కాబట్టి ఖరీదైన పాత రబ్బరు కంటే చవకైన కొత్త రబ్బరు బాగా తుడుస్తుంది.

సిలికాన్ బ్లేడు గురించి కూడా అడుగుతున్నారు. ఎండకు, వేడికి అది మామూలు రబ్బరు కంటే బాగా ఓర్చుకుంటుంది, అది నిజం. కానీ రాపిడికీ చీలికకీ ఓర్చుకోవడంలో సహజ రబ్బరే మెరుగు. రోజూ కడిగి షెడ్డులో పెట్టే పట్నపు కారుకు సిలికాన్ పెట్టుకోండి. క్రషర్ దారిలో తిరిగే బండికి వద్దు.

బ్లేడు మార్చినా అద్దం మీద పాలపొర లాంటి మసక పోకపోతే లోపం అద్దానిది. డీజిల్ పొగ జిడ్డు, బోరు నీళ్ల తెల్ల మరకలు అక్కడ ఉంటాయి. అద్దాన్ని సబ్బు నీళ్లతో కడగండి. వైపర్ ట్యాంకులో బోరు నీళ్లు పోయకండి, ఊరి ఫిల్టర్ నీళ్లు పోయండి. లేకుంటే చిమ్మే రంధ్రాలు మూసుకుపోతాయి. రబ్బరును తడి గుడ్డతో తుడవండి, కిరోసిన్, పెట్రోలు తగలనివ్వకండి. చలికాలం తెల్లవారుజామున ఈ హైవే మీద పొగమంచు ఎట్లా దిగుతుందో పూలు, కూరగాయలు తోలేవాళ్లకు తెలుసు. 2023 అక్టోబరు 26 ఉదయం చిక్కబళ్లాపురం శివార్లలో ఒక టాటా సుమో ఆగి ఉన్న ట్యాంకర్‌ను గుద్దుకుని 13 మంది చనిపోయారు. మంచులో దారి సరిగా కనపడలేదన్నారు. వైపర్ వల్ల జరిగిందని ఎవరూ అనలేదు, నేనూ అనను. కానీ మంచు ముందే చూపును సగం తినేసిన చోట, మిగిలిన సగాన్ని మసక అద్దానికి ఇచ్చుకోవడం నాకు క్షమించరాని అజాగ్రత్తగా తోస్తుంది.

కొనేముందు పాత బ్లేడును చేతికి తీసుకుని పోండి. పొడవు అంగుళాల్లో రెండు పక్కలా వేరువేరుగా ఉండవచ్చు, మన కార్లలో సాధారణంగా డ్రైవరు వైపుదే పెద్దది. కొక్కెం రకం చూసుకోండి. బ్లేడు ఊడదీశాక ఇనుప చెయ్యి అద్దం మీద పడితే అద్దం చిట్లుతుంది, కింద మందపాటి గుడ్డ పరవండి. ఆ చేతి స్ప్రింగు సడలి ఉంటే ఎంత మంచి బ్లేడైనా దండగే.

నా తీర్పు ఇది. అద్దం బాగా వంపు తిరిగిన కొత్త కారై, వారం వారం బెంగళూరుకో హైదరాబాదుకో హైవే మీద పోయేవాళ్లు తమ కారు మోడలుకు తగిన ఫ్లాట్ బ్లేడే కొనండి. బొలెరో, ఓమ్ని, ఊళ్ల మధ్య తిరిగే పాత కారు ఉన్నవాళ్లు చట్రం బ్లేడునే ఉంచుకుని, భరణి కార్తెకు ముందు ఒకసారి, ఉత్తర కార్తెకు ముందు ఒకసారి రబ్బరు పట్టీలు మార్చండి.