చేతి సేమ్యా

గోధుమ పండని నేలలో గోధుమపోగు పండుగవంటగా స్థిరపడుట వింతగా తోచవచ్చును. మార్కాపురము, గిద్దలూరు, కంభము మొదలగు ప్రాంతములు 1970లో నూతనముగా నేర్పడిన జిల్లాలో చేరుటకు పూర్వము కర్నూలుసీమలోనివి. నల్లమలకు తూర్పున, వాన తక్కువై, కంభము చెరువు క్రిందను గుండ్లకమ్మ యొడ్డునను తప్ప వరిమడి యరుదైన యీ మెట్టనేలలో సజ్జయు, జొన్నయు, కొర్రయునే పూర్వపు తిండిగింజలు. గోధుమ అంగడినుండియే రావలయును. అయినను సేమ్యాకు గోధుమతోపాటు కావలసిన మరియొకటి, వెలపెట్టి కొనరానిది, ఇచ్చట కొల్లగా నున్నది: అది తేమలేని యెండ. సముద్రపుగాలి తగులు కోస్తా గ్రామములలో పోగు మరునాటికిని మెత్తబడియే యుండునేమోగాని, వైశాఖమాసపు మార్కాపురములో పూటలో పెళుసెక్కును.

ఈ యెండ విలువను చక్కగా నెరిగినవారు ఇచ్చటి ముస్లిం గృహిణులు. రంజాను చాంద్రమానమును బట్టి ఏటేట పది పదునొకండు దినములు వెనుకకు జరుగును గనుక, పండుగ వానకాలమున వచ్చినను మంచుకాలమున వచ్చినను, దానికి వలయు సేమ్యా వేసవిలోనే ఎండి డబ్బాలలో చేరియుండవలయును. పండుగ వచ్చినప్పుడు చేయుదమనుకొన్నవారికి ఆకాశము సహకరింపకపోవచ్చును.

పని పిండితోనే మొదలగును. పూర్వము గోధుమలను తడిపి, దంచి, పొట్టు చెరిగి, ఆరిన పిదప తిరగలిలో విసరి, పలుచని గుడ్డపై జల్లించి, క్రిందికి జారిన మెత్తని పొడిని మాత్రమే గ్రహించెడివారు. నేడు మైదా ఆ శ్రమను తప్పించినది. ఉప్పు కరిగించిన నీటిని కొంచెము కొంచెముగా చిలుకరించుచు, పూరీపిండికంటెను బిగువుగా నుండునట్లు కలిపి మర్దించి, తడిగుడ్డ కప్పి, గంటకు తక్కువగాకుండ నాననీయవలయును. ఈ విరామమును వ్యర్థకాలమని తలచువారికి సేమ్యా కుదరదు. గోధుమలోని గ్లయాడిన్, గ్లూటెనిన్ అను మాంసకృత్తులు నీటితో కూడి గ్లూటెన్ అను జిగటవలగా అల్లుకొనును. మొదటిది సాగుదలను, రెండవది బిగువును ఇచ్చును. మర్దించిన వెంటనే ఆ వల బిగిసియుండి, లాగినకొలది వెనుకకు గుంజుకొనుచుండును. నానినకొలది సడలి చేతికి లోబడును. ఉప్పు రుచితోపాటు ఆ వలకు బలమును గూడ నిచ్చును. చిటికెడు ముద్దను తీసి వ్రేళ్లనడుమ సాగదీసి చూచుటయే దీనికి పరీక్ష. తటాలున తెగినచో మరికొంత సేపు ఆగవలయును.

దక్కను పల్లెలలో కొందరు యంత్రము లేకయే పోగు తీయుదురు. ముద్దను త్రాడుగా సాగదీసి, రెండుగా మడిచి, మరల సాగదీసి, మరల మడతపెట్టినచో పోగుల సంఖ్య మడతమడతకు రెట్టింపగును. పది మడతలకు వేయిన్ని యిరువది నాలుగు పోగులు. ఇది అభ్యాసము లేనివారికి దుస్సాధ్యము. అందుచేత బల్లకు బిగించి చేతితో త్రిప్పెడు ఇనుపమిషను ఇల్లిల్లును చేరినది. దాని గర్భమున నున్న మరచుట్టు పిండిని ముందునకు నెట్టగా, చివరనున్న చిల్లులబిళ్లనుండి పోగులు ధారలుగా జారును. పిడి త్రిప్పువారొకరు, ముద్దలందించువారొకరు, జారు పోగులను కఱ్ఱపై నందుకొనువారొకరు: ఒంటరిగా చేయ వీలుగాని పని గనుకనే ఇరుగుపొరుగులు కలియుదురు, ఊరి ముచ్చట్లన్నియు ఆ మిషను చుట్టును తిరుగును.

ఎండబెట్టుటలోను ఒక మెలకువ గలదు. తడిపోగును తిన్నగా నడిమిటియెండలో బెట్టినచో పైపొర ముందు ముడుచుకొని, లోపలి తేమ మిగిలి, పగుళ్లు వారి, వండునప్పుడు ముక్కలగును. కావున మొదట నీడలో గాలికి దండెములపై వేలాడదీసి, వెలుపలి తడి యారిన పిదపనే యెండకు మార్చుదురు.

వరిపిండి సంగతి వేరు. వినాయకచవితికి తెలుగిండ్లలో వండెడు పాలతాలికలును పోగులే. కాని బియ్యములో గ్లూటెన్ లేదు, ఎంత మర్దించినను వల యల్లుకొనదు. ఈ లోటును తెలిసిన మన తల్లులు చన్నీటిని విడిచి, బెల్లము వేసి తెర్లకాచిన నీటిలో పిండిని పోసి మూతపెట్టుదురు. వేడికి గంజిపదార్థము ఉబ్బి జిగురై పిండిని పట్టి నిలుపును. చేయి కాలుచుండగనే పిసికి, అరచేతి క్రింద దొర్లించియో, జంతికల గొట్టముతో కాగెడు పాలలోనికి ఒత్తియో తాలికలు చేయుదురు. జిగటలేని ధాన్యముల యీ చిక్కే పండితులకును ఎదురైనది. చీనాలో లాజియా అను చోట, బోర్లించిన మట్టిపాత్ర క్రింద, సుమారు నాలుగు వేల యేండ్లనాటి పోగులు లభించినవని 2005లో నేచర్ పత్రిక ప్రకటించినది. అవి కొర్రలతోను వరిగలతోను చేసినవట. జిగటలేని ఆ ధాన్యములతో పోగు ఎట్లు సాధ్యమని పండితులు వాదులాడిరి. పిండిని ఉడికించి జిగురుచేసి గొట్టముతో ఒత్తి చూపిన శాస్త్రజ్ఞులును కలరు. తాలికలు చేయు ఏ పెద్దమ్మ నడిగినను ఆ యుపాయము చెప్పెడిదే!

ఇక గ్రుడ్డు. చీనీయులును ఇటాలియనులును గోధుమపిండిలో నీటికి బదులు కోడిగ్రుడ్డును కలుపుదురు; నూరు గ్రాముల పిండికొక గ్రుడ్డు ఇటలీవారి కొలత. గ్రుడ్డులో నాలుగింట మూడుపాళ్లు నీరే గనుక వేరు నీరక్కరలేదు. పచ్చసొనలోని క్రొవ్వు పోగునకు మెత్తదనమును పసిమివన్నెను ఇచ్చును. తెల్లసొన ఉడుకునీటిలో గడ్డకట్టి పోగు చెదరకుండ కాచును. మనవారు దీనిని పట్టించుకొనకపోవుటకు హేతువు ఆచారమొక్కటే కాదని నా యూహ: గ్రుడ్డుపోగును ఇంటిలో చేసినపుడు ఆనాడే వండుకొనుట మేలు, ఏడాది డబ్బాలో దాచుటకు పనికిరాదు.

ఇప్పుడు అంగళ్లలో బాంబినో వంటి పొట్లములు ఏ ఋతువునందైనను దొరకును. వాటిని నిందింపను, గట్టిగోధుమ రవ్వతో చేసినవి గనుక ఉడికినను విడివిడిగా నిలుచును. కాని చేతిసేమ్యా పాలను పీల్చుకొను తీరు వాటికి లేదు. ఆ గుణమే అజాగ్రత్తగా వండువారికి చిక్కు తెచ్చును. కావున షీర్‌ఖుర్మా అను పండుగ పాయసమునకు సేమ్యాను నేతిలో దోరగా వేయించి వేరుగా నుంచి, పాలు చిక్కబడి, ఖర్జూరములు మెత్తబడి, బాదములు వేగి సిద్ధమైన పిమ్మట, అతిథి గుమ్మములో చెప్పులు విడుచునప్పుడు మాత్రమే పాలలో వేయవలయును.