జన్మ నక్షత్రాన్ని చూసినవారెందరు?

"మీ నక్షత్రం ఏమిటి?" అని అడిగితే తడుముకోకుండా చెప్పేవారే మన ఊళ్లలో ఎక్కువ. గుళ్లో అర్చన చేయించినప్పుడు గోత్రం తర్వాత చెప్పేది అదే. పిల్లవాడికి పేరు పెట్టాలన్నా, పెళ్లి సంబంధం ముందుకు సాగాలన్నా మొదట విచారించేదీ అదే. "అయితే అది ఆకాశంలో ఎక్కడుందో చూపించండి" అని అడిగి చూడండి. అంతా తలలు పైకెత్తుతారు, ఆ తర్వాత ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. పేరు, ఇంటిపేరు, ఊరు అన్నీ తెలిసీ, సొంత తాత ఎదురుపడితే పోల్చుకోలేని మనవడిలా ఉంది మన పరిస్థితి.

చుక్కలు నేర్చుకోవాలని ఉందంటూ వచ్చేవాళ్లు నన్ను మొదట అడిగేది ఏ టెలిస్కోపు కొనమంటారని. ఏదీ కొనొద్దంటాను. తక్కువ ధరకు దొరికే టెలిస్కోపులకు కాళ్లు గట్టిగా ఉండవు. చిన్న గాలి వీచినా చుక్క గంతులేస్తుంది. నాలుగు రాత్రులు కుస్తీపట్టి, ఐదో రోజు అటక మీద పెట్టేస్తారు. ఆకాశం పటం దగ్గర పెట్టుకుంటే మరో బెదురు. అంతర్జాతీయంగా ఖాయం చేసుకున్న తారామండలాలు 88 ఉన్నాయి. కొత్తవాడు ఆ 88 పేర్లు చూసి అక్కడే ఆగిపోతాడు. తెలుగువాడికి ఆ ఇబ్బంది అక్కర్లేదని నా వాదన. అశ్విని, భరణి, కృత్తిక, రోహిణి అంటూ 27 పేర్లు మనకు చిన్నప్పటి నుంచి నోటికి వచ్చు. పేర్లు వచ్చినవాడికి మిగిలింది చూపు ఒక్కటే. దానికి గోడకు వేలాడే క్యాలెండరు చాలు.

చంద్రుడు ఆకాశాన్ని ఒక చుట్టు చుట్టి మళ్లీ అదే చుక్క దగ్గరికి రావడానికి 27 రోజుల పైచిలుకు పడుతుంది. రోజుకొక మజిలీ చొప్పున ఆ దారిని 27 భాగాలు చేసి, ఒక్కో భాగానికి ఒక్కో చుక్క పేరు పెట్టారు. మీరు పుట్టినప్పుడు చంద్రుడు ఏ భాగంలో ఉన్నాడో అదే మీ జన్మ నక్షత్రం. జాతకాల మీద నమ్మకం ఉందా లేదా అన్నది మీ ఇష్టం, ఆ తగవు ఇక్కడ పెట్టుకోను. చంద్రుడి దారి మాత్రం నమ్మకంతో పనిలేని నిజం. క్యాలెండరులో ఈ రాత్రికి రోహిణి అని ఉంటే బయటికి వచ్చి చంద్రుణ్ని చూడండి. దగ్గర్లో నారింజ రంగు చుక్క ఒకటి కనిపిస్తుంది. అదే రోహిణి. మర్నాటికి చంద్రుడు దాన్ని దాటి తూర్పుకు సుమారు 13 డిగ్రీలు జరుగుతాడు. చేయి చాచి పిడికిలి బిగిస్తే అది ఆకాశంలో 10 డిగ్రీల మేర కప్పుతుంది. కొలబద్ద కూడా మన దగ్గరే ఉందన్నమాట.

ఈ పద్ధతిలో రోహిణి, మఖ, చిత్త, జ్యేష్ఠ చాలా సులువు. నాలుగూ బాగా వెలిగే చుక్కలు, నాలుగూ చంద్రుడి దారి పక్కనే ఉంటాయి. ఒక్కోసారి చంద్రుడు వాటి మీదుగా నడిచి కాసేపు కప్పేస్తాడు కూడా. 2015 నుంచి 2018 దాకా నెలనెలా రోహిణిని ఇలా కప్పుతూ వచ్చాడు. ఒక్కోసారి ఒక్కో ప్రాంతంలోనే అది కనిపించేది. దక్షుడి 27 మంది కూతుళ్లలో రోహిణినే చంద్రుడు ఎక్కువ ఇష్టపడ్డాడన్న కథ ఊరికే పుట్టలేదనిపిస్తుంది. స్వాతి, శ్రవణం సంగతి వేరు. అవి ఆ దారికి బాగా ఉత్తరాన ఉంటాయి కనుక చంద్రుణ్ని నమ్ముకుంటే దొరకవు. వేసవి రాత్రుల్లో సప్తర్షి మండలం తోక వంపును అలాగే పొడిగించుకుంటూ పోతే మొదట తగిలే నారింజ చుక్క స్వాతి. ఇంకా సాగితే తెల్లని చిత్త. రేవతివారికి ముందే చెబుతున్నాను, కాస్త ఓపిక పట్టాలి. ఆ చుక్క ఎంత మసకదంటే, ఊరి దీపాలు వెనక వదిలేసి వెళ్తే తప్ప కంటికి ఆనదు.

కార్తెల దగ్గర మరో విషయం ఉంది, నాకది చాలా ఇష్టం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మే చివర, జూన్ మొదట్లో వచ్చే ఆ పక్షం రోజులూ రోహిణిని ఎవరూ చూడలేరు. సూర్యుడు ఆ చుక్క ఉన్న చోటికి వచ్చి నిలబడటమే రోహిణి కార్తె అంటే. పట్టపగలు సూర్యుడి వెనకే ఉంటుంది, వెలుగులో కలిసిపోయి ఉంటుంది. రైతుకు కార్తె చెప్పే చుక్క ఆ కార్తెలో కనిపించని చుక్క. సాయంత్రం లేచేటప్పుడు దాన్ని చూడాలంటే ఆరు నెలలు ఆగాలి. డిసెంబరు మొదట్లో సూర్యుడు పడమట దిగుతుంటే రోహిణి తూర్పున లేస్తుంది. 

మాసాల పేర్లూ చుక్కల నుంచే పుట్టాయి. కార్తీక పున్నమినాడు చంద్రుడుండేది కృత్తికల దాపున. ఆ రాత్రి దీపాలు వదిలి అందరూ చంద్రుణ్ని చూస్తారు, పక్కనున్న కృత్తికలు పున్నమి వెలుగులో కనిపించవు. పది రోజులు ఆగి, చంద్రుడు లేని సాయంత్రం తూర్పుకేసి చూడండి. చిన్న గుత్తిలా ఉంటాయి. మా అమ్మమ్మ పిల్లలకోడి అనేది. మామూలు చూపుకు ఆరు, చీకటి ఊళ్లో మంచి చూపుకు ఇంకొన్ని. బైనాక్యులర్ పెడితే పదుల కొద్దీ బయటపడతాయి. నిజానికి ఆ గుంపులో వెయ్యికి పైగా నక్షత్రాలున్నాయి. కొనాలనే కోరిక మరీ ఉంటే ఆ బైనాక్యులరే కొనండి. చుక్కల మీద మోజు తీరిపోయినా పిట్టలను చూడటానికి పనికొస్తుంది.

పెళ్లిలో చూపించే అరుంధతి మాటేమిటి? కార్తీక మార్గశిరాల్లో సాయంత్రం పెళ్లయితే సప్తర్షులు దిగంతానికి కిందే ఉంటారు, అర్ధరాత్రి దాటాక గానీ లేవరు. పురోహితుడు వేలెత్తి చూపించినవైపు వధూవరులు బుద్ధిగా చూసి, కనిపించిందని తలూపుతారు. మే నెల ముహూర్తాలకు ఆ బాధ లేదు. రాత్రి ఎనిమిదికే ఉత్తరాన సప్తర్షుల మంచంకోళ్లు నాలుగూ పైకి వచ్చి ఉంటాయి. తోకలోని మూడు చుక్కల్లో నడిమిది వశిష్ఠుడు. పక్కనే ఆనుకుని చిన్నగా అరుంధతి. ఇటలీ శాస్త్రవేత్త కాస్తెల్లి 1617లో టెలిస్కోపులోంచి చూసి వశిష్ఠుడే రెండు చుక్కలని గుర్తించాడు. తర్వాత ఆ రెండూ మళ్లీ జంటలేనని తేలింది. అరుంధతికీ ఒక తోడు ఉందని 2009లో కనుక్కున్నారు. కొత్త దంపతులకు ఆదర్శంగా చూపించేది ఆరుగురున్న ఉమ్మడి కుటుంబాన్ని.

ఇక మూల. నా మేనకోడలు మూలా నక్షత్రంలో పుట్టింది. అన్నీ కుదిరిన సంబంధం ఒకటి, మామగారికి గండమంటూ చివర్లో వెనక్కి పోయింది. ఆ మే నెలాఖరులో ఓ రాత్రి పదకొండు దాటాక డాబా మీదికి తీసుకెళ్లాను. దక్షిణంగా వృశ్చికం లేచి ఉంది. ఆకాశంలో పేరుకు తగ్గ రూపం ఉన్నవి కొన్నే, వాటిలో ఇదొకటి. ఎర్రని జ్యేష్ఠ దాని గుండె, కింద వంపు తిరిగిన తోక, కొస కొండి. "ఆ తోకే నీ మూల" అన్నాను. కొండికి ఎడమ పక్కన పిడికిలి దూరంలోపు, కంటికి ఏమీ కనపడని చోట మన పాలపుంత నడిబొడ్డు ఉంది. ఇక్కడికి సుమారు 26 వేల కాంతి సంవత్సరాలు. అక్కడ సూర్యుడికి 40 లక్షల రెట్లకు పైగా బరువున్న కృష్ణబిలం ఒకటుందని తేల్చినందుకే గెంజెల్, ఘెజ్‌లకు 2020లో నోబెల్ వచ్చింది. దాని చిత్రాన్ని 2022లో ప్రపంచమంతా చూసింది. అంతా విని ఆ పిల్ల, "ఇంత పెద్దదాన్ని వెనకేసుకుని పుట్టానా మామయ్యా! మరి వాళ్లు భయపడ్డారంటే పడరూ!" అంది. అదే మూలా నక్షత్రం రోజున దసరాల్లో బెజవాడ ఇంద్రకీలాద్రి మీద అమ్మవారిని సరస్వతిగా అలంకరిస్తారు, పుస్తకాలు పట్టుకుని పిల్లలతో జనం కిటకిటలాడతారు. అమ్మవారికి మంచిదైన చుక్క ఆడపిల్లకు చెడ్డదెలా అయిందో సంబంధాలు చూసేవాళ్లు చెప్పాలి. నాకైతే అది ఉత్త మూర్ఖత్వం.

చుక్కను గుర్తుపట్టడం వచ్చాక అది ఎంత దూరమో తెలుసుకోవాలనిపిస్తుంది. ఇక్కడ నేనో ఆట ఆడిస్తుంటాను. కాంతి ఏడాదిలో పోయే దూరం ఒక కాంతి సంవత్సరం. శ్రవణం 17 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. స్వాతి 37. రోహిణి సుమారు 65. మఖ 79. అంటే పదిహేడేళ్ల శ్రవణం పిల్ల ఈ ఏడాది తన చుక్కను చూస్తే, కంట్లో పడేది తను పుట్టిన ఏట బయల్దేరిన వెలుగు. అరవై అయిదేళ్ల రోహిణివారికీ అంతే. ఇంట్లో పెద్దవాళ్ల పుట్టినరోజుకు ఇంతకంటే చవకైన కానుక నాకు తోచలేదు. చిత్తవారికి ఈ ఆట కుదరదు, అది 250 కాంతి సంవత్సరాలు. ఆర్ద్ర ఇంకా దూరం. అయితే ఆర్ద్రవారికి వేరే భాగ్యం పట్టింది. 2019 చివర మొదలై 2020 తొలి నెలల దాకా ఆ ఎర్రచుక్క ఉన్నట్టుండి మసకబారింది. పేలిపోతుందేమోనని లోకమంతా ఎదురుచూసింది. అది కక్కిన ధూళి మేఘమే అడ్డొచ్చిందని తర్వాత తేల్చారు. ఆ మార్పు చూడటానికి యంత్రాలు అక్కర్లేకపోయింది. రోజూ చూసే అలవాటున్నవాళ్లందరికీ ఉత్త కళ్లకే తెలిసింది.

గెలాక్సీ చూడాలన్నా మన జాబితాలోనే దారి ఉంది. కార్తీకం చివర రాత్రి ఎనిమిదింటికి నడినెత్తికి దగ్గర్లో నాలుగు చుక్కల పెద్ద చతురస్రం కనిపిస్తుంది. పడమటి రెండూ పూర్వాభాద్ర, తూర్పు రెండూ ఉత్తరాభాద్ర. ఈశాన్యపు మూల నుంచి సాగే చుక్కల వరసలో మిరాక్ దాకా వెళ్లి, అక్కణ్నుంచి ఉత్తరంగా రెండు చిన్న చుక్కలు దాటండి. రెండోదాని పక్కన బైనాక్యులర్‌లో దూదిపింజంత మసక కనిపిస్తే అది ఆండ్రోమెడా గెలాక్సీ. ఊరు దాటి చీకట్లోకి పోతే కంటికే కనిపిస్తుంది. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరం. అది మన పాలపుంతలోని మబ్బు తునకేనని చాలామంది అనుకునే రోజుల్లో, 1923 అక్టోబరులో ఖగోళ శాస్త్రవేత్త హబుల్ మౌంట్ విల్సన్ మీది 100 అంగుళాల టెలిస్కోపుతో అందులో వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉండే నక్షత్రాన్ని పట్టుకున్నాడు. అలాంటి నక్షత్రం ఎంత కాలానికొకసారి మారుతుందో చూసి దాని అసలు కాంతిని లెక్కకట్టవచ్చని అంతకు ముందే హెన్రియెట్టా లీవిట్ చూపించింది. ఆ లెక్క వేస్తే ఆ మసక మన ఇంటి గోడ బయట ఎక్కడో ఉందని తేలిపోయింది. 

టెలిస్కోపు వద్దన్నానని పూర్తిగా వద్దనుకోకండి. మనవాళ్లకు అది కొత్త కాదు. విశాఖపట్నం డాబా గార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలోనే సొంత ఖర్చుతో వేధశాల కట్టించారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు అక్కడి నుంచే 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటిపోవడాన్ని పరిశీలించారు. హైదరాబాదులో నిజామియా వేధశాల, ఆ తర్వాత రంగాపూర్‌లో ఉస్మానియావారి 48 అంగుళాల టెలిస్కోపు ఆ వరసలో వచ్చినవే. కానీ వాళ్లెవరూ చుక్కల పేర్లు తెలియకుండా కంటిని గాజుకు ఆనించలేదు. ముందు ఉత్త కళ్లతో ఒక ఏడాది తిరిగిరండి. ఏడాదిలో 27లో కనీసం 20 మీవి అవుతాయి.

మొదలుపెట్టడానికి సంక్రాంతి మంచి అదను. మబ్బు ఉండదు, చలి భరించగలిగేంతే ఉంటుంది, ఎలాగూ ఊరికి వెళతారు. పండుగ రోజుల్లో రాత్రి తొమ్మిది దాటిన పది నిమిషాలకు సరిగ్గా నెత్తిమీదికి చూడండి. నారింజ రంగులో ఉన్నది రోహిణి. బెజవాడవారికైతే అది అక్షరాలా నడినెత్తినే ఉంటుంది, ఆ ఊరి అక్షాంశం మీదుగానే అది నడుస్తుంది. పడమటగా కృత్తికలు, తూర్పుగా మృగశిర, దాని దిగువన ఎర్రని ఆర్ద్ర. ఒక్క రాత్రికి నాలుగు. డాబా మీది లైటు మాత్రం ఆర్పండి, ఫోను కింద వదిలి రండి. కళ్లు చీకటికి అలవాటుపడటానికి 20 నిమిషాలు పడుతుంది.